పాత వెబ్లీ అండ్ స్కాట్ 12 బోర్: డబ్బంతా గొట్టాల్లోనే

విజయనగరం, బొబ్బిలి, టెక్కలి వైపు పాత ఇళ్లలోంచి అప్పుడప్పుడూ ఒక ఇంగ్లిష్ డబల్ బ్యారల్ (రెండు గొట్టాల) తుపాకీ అమ్మకానికొస్తుంది. "దివాణంలో తుపాకీ" అనగానే ధర రెట్టింపవుతుంది. ఆ మాటకి పైసా ఇవ్వక్కర్లేదు.

పక్కపక్క గొట్టాల తుపాకుల్లో వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ బాక్స్‌లాక్ (పేల్చే యంత్రాంగమంతా ఒక పెట్టెలో ఇమిడే రకం) ఇవాళ్టికీ గట్టి సరుకే. లోపలున్నది ఆన్సన్, డీలీ అనే ఇద్దరు 1875లో పేటెంటు తీసుకున్న పద్ధతి. ముక్కలు తక్కువ కాబట్టి చెడేవీ తక్కువ. పర్డీ, హాలండ్ కంపెనీల ఖరీదైన సైడ్‌లాకుల (యంత్రాంగం పక్క పలకల మీదుండే రకం) సొగసు దీనికి రాదు. ఎగిరే పూరేడుకీ కౌజుకీ గురిపెట్టడానికి చేసిన తుపాకీ గనక బరువు మూడు కిలోల దగ్గరే ఉంటుంది, భుజానికి చటుక్కున అందుతుంది. ఇప్పుడు ఆ పని గురి ఆటలో గాల్లోకి ఎగరేసే మట్టి పళ్లేల మీదే. పిట్టల వేట 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. తేలినీలాపురం కొంగల మీద కన్నున్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

కొనేముందు గొట్టాల కింద చెయ్యి పట్టే ముందుకర్ర ఊడదీసి, గొట్టాలు విడదీసి, వాటి వెనక కొస కిందుండే అడుగు పలకని వెలుతురులో పెట్టండి. కిరీటం కింద ఎన్‌పీ (నైట్రో ప్రూఫ్) అక్షరాలుంటే పొగలేని మందుకి పరీక్ష అయినట్టు. బీపీ, బీవీ మాత్రమే ఉంటే నల్లమందు తుపాకీ, నేటి తూటా అందులో పెట్టకూడదు. పాము కుబుసంలా మెలికల చారలున్న డమాస్కస్ గొట్టాలకి ఎన్‌పీ లేకపోతే గోడకి అలంకారమే.

తర్వాత ఛాంబరు, అంటే తూటా కూర్చునే గది. పాతవాటిలో చాలావరకు రెండున్నర అంగుళాలు, అంటే 65 మి.మీ. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. తూటా మీద రాసే పొడవు కాల్చి మూతి విచ్చుకున్నాక ఉండేది. 70 మి.మీ. తూటా మూతి మడతతో దాదాపు 60 మి.మీ. మాత్రమే ఉంటుంది, 65లో హాయిగా దూరిపోతుంది. పేలినప్పుడు విచ్చుకునే మూతికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి దూరింది కదా అని సరిపోయిందనుకోవద్దు.

గొట్టాలని అడుగు కొక్కేనికి దారం కట్టి వేలాడదీసి, పెన్సిలుతో తట్టండి. గుడిగంటలా సాగాలి. బొయ్యిమని పగిలిన మోత వస్తే రెండు గొట్టాలని కలిపే మధ్య పట్టీ టంకం ఊడింది. ఆ పని మళ్లీ చేయించడం తుపాకీ ధరలో పెద్ద కోత. కిటికీ వైపు తిప్పి లోపల చూడండి. నీడ గీత వంకర పోయినచోట సొట్ట. చుట్టూ నల్ల ఉంగరంలా కనిపిస్తే ఉబ్బు, సొట్టకన్నా అదే ప్రమాదం.

లోపల అద్దంలా మెరుస్తోందని మురిసిపోకండి. తుప్పు గుంటలు పోవడానికి అరగదీసి మెరిపించి ఉండొచ్చు. పలక మీద లోపలి వెడల్పు గుర్తు 13/1 అని ఉంటే ఆ గొట్టం 0.719 అంగుళంతో పుట్టింది. ఇప్పుడు 0.740 కొలిస్తే గోడ అరిగిపోయింది, పాత ప్రూఫు (పేల్చి చేసిన పరీక్ష) ఇక చెల్లదు. గోడ మందం ఎక్కడైనా అర మిల్లీమీటరుకి తగ్గితే వదిలేయండి. దీనికి బోర్ మైక్రోమీటరు, మందం గేజి రెండూ ఉన్న గన్‌స్మిత్తు కావాలి. కంటితో తేల్చే పని కాదు.

మూతి దగ్గర రెండు గొట్టాల మధ్య ఖాళీ ఉండి, పొడవు 28, 30 అంగుళాల లాంటి అంకెలకి కుదరకపోతే కోసేశారని అర్థం.

ముందుకర్ర లేకుండానే మూసి అటూఇటూ ఊపండి. ఆడితే కీలు అరిగింది. కొత్త పిన్ను వేయించొచ్చు. కానీ కొక్కెం మీద సుత్తిదెబ్బల గాట్లు కనిపిస్తే ఎవరో అమ్మకానికి బిగించారు, పది తూటాలకి మళ్లీ ఊగుతుంది. పైన పటారం లోన లొటారం అంటే ఇదే. కర్ర పగులు, చెక్కడం, నల్లపూత, తోలు పెట్టె బేరానికి పనికొచ్చే మాటలు, అంతే.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. గొట్టాలు, యాక్షన్ (పేల్చే యంత్రభాగం), ముందుకర్ర మీది నంబర్లు ఒకదానితో ఒకటీ, లైసెన్సులో రాసినదానితోనూ కలవాలి. లైసెన్సుదారు అమ్మాలంటే ముందుగా జిల్లా మెజిస్ట్రేటుకో దగ్గర్లోని పోలీస్ స్టేషనుకో రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలి. ఆయుధాల చట్టం 2019 సవరణ తర్వాత ఒక్కరి దగ్గర రెండు తుపాకులకి మించకూడదు, వారసత్వంగా వచ్చినవి కలిపి.

కలింగపట్నం, బారువ వైపు ఉప్పుగాలికి కాన్వాసు సంచి చెమ్మ పట్టి తుప్పు తెస్తుంది. గొట్టాలకి పల్చగా నూనె రాసి, మూతి కిందకి పెట్టి నిలబెట్టండి. పైకి పెడితే ఆ నూనె జారి కర్ర తలలోకి ఇంకి, నల్లబడి మెత్తబడుతుంది.