స్లాబు పోశాక డబ్బివ్వాలా, కొలిచాక ఇవ్వాలా?

ఇల్లు కట్టించేటప్పుడు రేటు దగ్గర కుదిరిన బేరం, డబ్బు ఎప్పుడివ్వాలన్న దగ్గర చెడుతుంది.

దశలవారీ ఒప్పందంలో బేస్‌మెంట్‌కి ఇంత, స్లాబుకి ఇంత అని రాసుకుంటాం. లెక్క సులువే. కానీ "స్లాబు అయింది" అంటే ఏమిటి? మా ఇంటికి కాంక్రీటు పోసిన సాయంత్రమే మేస్త్రి డబ్బడిగాడు. కూలీలు సిమెంటు చేతులతోనే మెట్ల దగ్గర కూర్చున్నారు. నేనేమో సెంట్రింగ్, అంటే స్లాబు గట్టిపడేదాకా కింద మోసే చట్రం, విప్పాక ఇస్తానన్నాను. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుతో పోసినా, 4.5 మీటర్ల స్పాన్ (ఆధారాల మధ్య దూరం) దాటిన స్లాబు కింద నిలబెట్టిన సెంట్రింగ్ పోట్లు 14 రోజులుంచాలి. అన్నాళ్లు అతను కూలి ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఆ రోజు చాలా బాధపడ్డాను. ఆ ఒక్క మాట కాగితం మీద లేదు మరి.

కొలతల బిల్లులో ఈ చిక్కు తక్కువ. ప్రభుత్వ పనుల్లో ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఎక్కించినట్టే, అయిన పనిని టేపుతో కొలిచి ఇస్తారు. అయితే గోడ కొలతలోంచి కిటికీ ఖాళీ తీసేయాలా వద్దా అని పేచీ వస్తుంది. కొలిచే ఇంజనీరు రాకపోతే బిల్లూ ఆగుతుంది.

సొంతింటికి నేను దశలే మేలంటాను. స్లాబు వాటాలో ముప్పావు పోసిన రోజు, పావు సెంట్రింగ్ విప్పాక అని అగ్రిమెంట్‌లో రాయించండి.