నటాల్ ఓడ జాబితాలు: తాతమ్మ ఊరు ఎంతవరకు దొరుకుతుంది?

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ దక్షిణాఫ్రికాలోని నటాల్ రేవు డర్బన్ చేరింది. అక్కణ్ణించి 1911 దాకా నటాల్‌కు వెళ్ళిన గిర్మిట్ కూలీలు, అంటే ఇన్నేళ్ళు పనిచేస్తామని ఒప్పందం రాసి వెళ్ళినవాళ్ళు, 1,52,184 మంది. ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంది. డర్బన్‌లో గాంధీ-లుతులీ డాక్యుమెంటేషన్ సెంటర్ దగ్గరున్న ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది గుర్తులు ఉంటాయి. మామూలు కూలి ఆడమనిషి గురించి ఇన్ని వివరాలు ఒకే వరుసలో దొరకడం అరుదు. ఆ ఒక్కదానికే ఎక్కువ మార్కులు వేయాలి.

పేరుతో మొదలుపెడితే మాత్రం రోజులు వృథా. ముందు నంబరు పట్టుకోండి. నటాల్‌లో పుట్టిన పిల్లల జనన, వివాహ పత్రాల మీద తల్లిదండ్రుల నంబర్లు తరచు కనిపిస్తాయి. ఒప్పందం ముగిశాక నటాల్‌లోనే ఉండిపోయినవాళ్ళ మీద 1895 చట్టం తెచ్చిన మూడు పౌన్ల పన్ను తాలూకు కాగితం పాత పెట్టెలో ఉంటే, పారేయకుండా రెండు వైపులా చూడండి.

నంబరు లేకపోతే అక్షరాలతో కుస్తీ తప్పదు. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. అప్పలమ్మ ఒకచోట 'ఉప్పలమా', ఇంకోచోట 'అప్పెలమ' కావచ్చు. వెతికేటప్పుడు పూర్తి పేరు టైపు కొట్టకుండా మధ్య ముక్క ఒక్కటే కొట్టి, జిల్లాతో, వయసుతో వడపోయండి. వయసులో అయిదేళ్ళు అటూ ఇటూ వదలాలి. ఇంటిపేరు జాబితాలో వెతకొద్దు, దాదాపు ఉండదు. నాయుడు అని కొట్టడమూ దండగే. ఆ ముక్క చాలా కుటుంబాల్లో తర్వాతి తరంలో ఇంటిపేరుగా స్థిరపడింది.

వరుస దొరికాక పైనా కిందా నంబర్లు కూడా చూడండి. ఒకే కుటుంబంవాళ్ళు తరచు పక్కపక్కనే ఉంటారు. కానీ పక్కనున్న మగమనిషి ఊళ్ళో కట్టుకున్న మొగుడే అనుకోవద్దు. ఓడ ఎక్కేముందు కూలీలను ఉంచిన మద్రాసు డిపోలో కుదిరిన పెళ్ళిళ్ళు తక్కువేం కాదు. సొంత ఖర్చుతో టికెట్ కొనుక్కుని వెళ్ళినవాళ్ళు ఈ జాబితాల్లో ఉండరు. వాళ్ళకోసం ఇక్కడ వెతికి లాభం లేదు.

జిల్లా పేరు చదివేటప్పుడు ఇప్పటి పటం పక్కన పెట్టండి. 'విజగపటం' అంటే నేటి విశాఖ ఒక్కటే కాదు. విజయనగరం, పార్వతీపురం, ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ కూడా అందులోవే. శ్రీకాకుళం పట్నం 1936 దాకా గంజాంలో ఉండేది. 'నార్త్ ఆర్కాట్' అని ఉంటే తమిళ ఊరని తేల్చేయకండి, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది ఎక్కువగా దాని తాలూకాలతోనే.

ఊరు తెలిశాక దారి ఇరుకవుతుంది. విజయనగరం, బొబ్బిలి లాంటి జమీందారీ ఊళ్ళలో చాలావాటికి 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే సర్కారు సర్వే సెటిల్‌మెంటు (భూమి కొలిచి శిస్తు కట్టడం) వచ్చింది. అంతకు ముందువి జమీందారు లెక్కల్లో ఎక్కడైనా మిగిలి ఉండాలి. సేవా మాన్యం (చేసే సేవకు బదులుగా ఇచ్చిన భూమి) ఉన్న కుటుంబమైతే, అలాంటి భూములు నమోదైన 1860ల ఇనాం రిజిస్టర్లలో తండ్రి వైపు పేరు దొరికే అవకాశం ఉంది. తాతమ్మ పేరు మాత్రం అక్కడ కనపడదు.