గండికోట నుంచి లేపాక్షికి, రన్‌ఫ్లాట్ టైరుతో

హైదరాబాద్ నుంచి కారులో బయలుదేరి యాగంటి, బెలుం గుహలు, గండికోట, తాడిపత్రి, లేపాక్షి చూసుకుంటూ బెంగళూరు చేరడం రాయలసీమను చూడటానికి నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి దారి. గుడి, గుహ, లోయ, కోట వరసగా వస్తాయి. కర్నూలు వరకు 44వ నంబరు జాతీయ రహదారి, అక్కడి నుంచి నంద్యాల వైపు కూడా రోడ్డు బాగుంటుంది. బనగానపల్లె దాటాక రోడ్డు సన్నబడి లారీలు పెరుగుతాయి. ఈ దారి అందాల గురించి చాలామంది చెప్పారు. స్టెప్నీ లేని కారుతో, గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లతో వెళ్లేవారికి ఇక్కడ ఎదురయ్యే సంగతులు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. అందుకే ఆ భాగం వివరంగా రాస్తున్నాను.

యాగంటిలో పొద్దున్నే ఉండటం మంచిది. కొండ చెంత కోనేరు, ఉమామహేశ్వరుడి గుడి, పెరుగుతున్నాడని జనం నమ్మే నంది, పైన గుహలు అన్నీ ఎండ ముదరకముందే చూడొచ్చు. సెలవు రోజుల్లో కార్లు పెట్టుకునే చోటు ఇరుకు.

బెలుం గుహలకు సమయం ఎక్కువ ఉంచుకోండి. మొత్తం పొడవు 3,229 మీటర్లు. సందర్శకులను అనుమతించేది అందులో సుమారు సగం. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటి గురించి రాశాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 1980లలో, జర్మన్ బృందం ఒకటి వచ్చి లోపలి దారులను కొలిచింది. ఆ తర్వాత పర్యాటక సంస్థ మెట్లు, దీపాలు, గాలి గొట్టాలు ఏర్పాటు చేసి జనానికి తెరిచింది. సున్నపురాయిని నీరు వేల ఏళ్లు కరిగిస్తే ఏర్పడిన సొరంగాలు ఇవి. గోడలు చేత్తో నునుపు చేసినట్టుంటాయి. గుహల్లో అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ దగ్గరికి దిగేసరికి ఉక్కపోతకు చొక్కా తడిసిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను అంతదూరం తీసుకెళ్లకపోవడమే మంచిది. మా అమ్మ మొదటి గుహ గది చూసి పైకి వచ్చేసింది, బయట చెట్టు కింద కూర్చుంది.

గండికోటలో రాత్రి ఉండాల్సిందే. జమ్మలమడుగులో బస చేసి పొద్దున 15 కిలోమీటర్లు వచ్చేవారికి సూర్యోదయం తప్పిపోతుంది. కోట దగ్గర్లోనే పర్యాటక సంస్థ వారి హరిత హోటల్ ఉంది. గదులు సాదాసీదాగా ఉంటాయి. అయినా చీకట్లో లోయ అంచుకు చేరాలంటే ఇంతకన్నా అనువైన బస లేదు. వారాంతాల్లో ముందుగా బుక్ చేసుకోకపోతే దొరకదు. గుడారాలు అద్దెకిచ్చేవారు కూడా ఉన్నారు. కుర్రకారుకు బాగుంటుంది కానీ, రాత్రి గాలి హోరుకు పిల్లలూ పెద్దవాళ్లూ నిద్రపోలేరు. లోయ అంచున కంచె లేదని మరచిపోవద్దు. పెన్నా ఎర్ర కొండను నిలువునా కోసుకుంటూ పోయిన ఆ దృశ్యం ముందు అందరూ ఫోటోల కోసం ఒక్కో అడుగూ ముందుకు వేస్తుంటారు. మాధవరాయ స్వామి ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం కూడా తీరికగా చూడదగినవి.

ఇక టైరు సంగతి.

జమ్మలమడుగు నుంచి తాడిపత్రి వెళ్లే దారి బండల సీమ. కడప బండలు, తాడిపత్రి బండలు అని మన ఇళ్లలో పరుచుకునే నల్లరాయి ఈ చుట్టుపక్కల గనుల నుంచే వస్తుంది. బండలు మోసే లారీలు, సిమెంటు లారీలు ఎడతెగకుండా తిరుగుతుంటాయి. రాలిన బండ ముక్కలు రోడ్డు అంచున పడి ఉంటాయి. పలుచగా, అంచులు కత్తిలా ఉండే ముక్కలు. ఎదురుగా వచ్చే లారీకి దారి ఇచ్చి ఎడమ చక్రాలు అంచుకు దించితే వాటి మీదుగా పోవాల్సిందే. జమ్మలమడుగు దాటి ఓ 20 కిలోమీటర్లు వచ్చాక డాష్‌బోర్డు మీద టైరు గుర్తు పసుపుపచ్చగా వెలిగింది. వెనక ఎడమ టైరు. స్టీరింగు ఒక్క పిసరు కూడా అటూ ఇటూ లాగలేదు. ఆ లైటు లేకపోతే తాడిపత్రి దాకా మాకు తెలిసేది కాదు. రన్‌ఫ్లాట్ టైర్లున్న కార్లకు గాలి ఒత్తిడిని కనిపెట్టే ఏర్పాటు తప్పనిసరిగా ఉండేది ఇందుకే.

నీడ చూసి ఆపాం. 33 పౌండ్ల గాలి ఒత్తిడి ఉండాల్సిన టైరులో 10 కూడా లేదు. చూడటానికి మాత్రం కాస్త గాలి తగ్గిన టైరులానే ఉంది. మామూలు టైరయితే ఈపాటికి రిమ్ము కింద నలిగిపోయి ఉండేది. రన్‌ఫ్లాట్‌లో పక్క గోడలు మందంగా, గట్టి రబ్బరుతో ఉంటాయి. గాలి పోయినా కారు బరువును అవే మోస్తాయి. అయితే గాలి లేకుండా తిరిగే కొద్దీ ఆ గోడలు వంగుతూ లేస్తూ లోలోపల వేడెక్కుతాయి, రబ్బరు చితుకుతుంది. అందుకే గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా సుమారు 80 కిలోమీటర్లు అని తయారీదారులు హద్దు పెడతారు. నిండా మనుషులు, సామాను, మిట్టమధ్యాహ్నపు సీమ ఎండ, గతుకులు ఉంటే ఆ హద్దు ఇంకా తగ్గుతుంది.

లెక్క ఇలా ఉంది. తాడిపత్రి ముందుకు 30 కిలోమీటర్లు. ప్రొద్దుటూరు పెద్ద పట్టణమే కానీ వెనక్కి 45. కాస్త పెద్ద టైరు దుకాణాలుండే అనంతపురం దాదాపు 90. అంటే టైరు మమ్మల్ని తాడిపత్రికి చేరుస్తుంది, అనంతపురానికి చేర్చదు. రన్‌ఫ్లాట్ అంటే పంక్చరు బాధ లేని టైరని అమ్మేవాళ్లు చెబుతారు. నగరంలో అది నిజం, 80 కిలోమీటర్ల లోపు ఎన్నో దుకాణాలుంటాయి. ఇలాంటి దారిలో ఆ మాట సగమే నిజం.

కారుతోపాటు ఇచ్చిన రిపేరు కిట్టులో జిగురు సీసా, గాలి పంపు ఉన్నాయి. 2020 జులైలో కేంద్రం నిబంధనలు మార్చాక, ట్యూబ్‌లెస్ టైర్లు, ఒత్తిడి కనిపెట్టే ఏర్పాటు, ఈ కిట్టు ఉంటే కారుకు స్టెప్నీ తప్పనిసరి కాదు. జిగురు పనిచేసేది నేలను తాకే భాగంలో చిన్న మేకు దిగినప్పుడే. మా టైరుకు పక్కన అంగుళం పొడవున కోత పడింది. సీసా మూత తీయకుండా అలాగే పెట్టేశాం. గంటకు 50 లోపు వేగంతో, గతుకు కనిపించినప్పుడల్లా ఇంకా తగ్గిస్తూ తాడిపత్రి చేరాం.

ఊరి మొదట్లోనే ఒక పంక్చరు షాపు. రేకుల కప్పు, ముందర నీళ్ల తొట్టి, లారీ టైర్ల గుట్ట. షాపాయన మోకాళ్ల మీద కూర్చుని, కోతలోకి బొటనవేలి గోరు పోనిచ్చి చూశాడు. గోడ మీద వేలితో తట్టాడు. "సార్, ఇది గాలి లేకపోయినా నడిచే టైరు కదా. పక్క కోసుకుపోయింది. స్ట్రిప్ పెట్టి నాలుగు వందలు తీసుకోవచ్చు. హైవే మీద పగిలితే అమ్మ, పిల్లలు ఉన్నారు. నేను పెట్టను" అన్నాడు. టైరు విప్పమంటే దానికీ ఒప్పుకోలేదు. ఆ గట్టి గోడను కడ్డీలతో లాగితే రిమ్ము గీసుకుపోతుందని, ఇలాంటి టైర్లు విప్పే, అదనపు చేయి ఉన్న మిషను అనంతపురంలోనే ఉందని చెప్పాడు. ఈ యాత్ర మొత్తంలో మాకు అందిన అన్నిటికన్నా మంచి సేవ ఇదే. ఆయన చేయగలిగినదేమిటో, చేయకూడనిదేమిటో ఆయనకు స్పష్టంగా తెలుసు. మా దగ్గర డబ్బు తీసుకోవడం చాలా తేలికైన సమయంలో తీసుకోలేదు.

అనుభవం తేడా తెలిసేది ఇక్కడే. కారుతోపాటే డబ్బు కట్టి తీసుకున్న, దారిలో బండి ఆగితే ఆదుకునే సహాయ సేవకు ఫోను చేస్తే, ఎక్కడో దూరాన కూర్చున్న అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది కానీ, తాడిపత్రి ఏ జిల్లాలో ఉందో, పిన్‌కోడ్ ఏమిటో, దగ్గర్లో ప్రసిద్ధ స్థలం ఏమిటో పదేపదే అడిగింది. చివరికి బండి కర్నూలు నుంచి రావాలని, చీకటి పడుతుందని తేలింది. జాతీయ రహదారి మీద ఆగితే 1033కు చేయొచ్చు, గస్తీ బండి వచ్చి వాహనాన్ని పక్కకు చేరుస్తుంది. పట్టణంలో అది వర్తించదు. పంక్చరు షాపాయనే తెలిసిన డ్రైవరుకు ఫోను చేశాడు. చదునైన వెనకభాగం ఉన్న టోయింగ్ బండి రెండు గంటల్లో వస్తుందన్నాడు, అన్నట్టే వచ్చింది. రసీదు రాయించుకోండి, సహాయ సేవ వారి నుంచి ఆ డబ్బు తిరిగి రాబట్టడానికి అది కావాలి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే కారయితే చక్రాలు నేల మీద దొర్లేలా లాగించొద్దు, పూర్తిగా పైకి ఎక్కించుకునే బండినే అడగండి.

ఆ రెండు గంటలు మాకు బుగ్గ రామలింగేశ్వర ఆలయాన్ని ఇచ్చాయి. పెన్నా ఒడ్డున, విజయనగర కాలపు గుడి. శివలింగం దగ్గర ఎప్పుడూ నీరు ఊరుతూ ఉంటుంది, అదే బుగ్గ. పూర్తికాని గోపురాల రాతి పని చూడకుండా ఎవరూ తాడిపత్రి దాటకూడదు. అడుగు భాగం నుంచి పైదాకా ఒక్క బెత్తెడు రాయి కూడా ఖాళీగా లేదు. అంచు మీద అంచు, గూడులో గూడు, అందులో బొమ్మ. ఊళ్లోనే ఉన్న చింతల వెంకటరమణ స్వామి ఆలయంలో రాతి రథం ఉంది. హంపి రథానికి వచ్చే జనంలో వందో వంతు కూడా ఇక్కడికి రారు. గండికోటకు వచ్చేవారంతా ఈ రెండు గుళ్లకు ఒక పూట కేటాయించాలి. ఇది నేను నొక్కి చెబుతున్న మాట.

అమ్మ, పిల్లలు ఆర్టీసీ బస్సులో అనంతపురం వెళ్లారు, నేను టోయింగ్ బండిలో. అక్కడి దుకాణంలో టైరు విప్పినప్పుడు చూడాల్సింది చూశాను. లోపలి నుంచి గుప్పెడు నల్లటి రబ్బరు పొడి రాలింది. గోడ లోపల చుట్టూతా వలయంలా మడత చార పడింది. 30 కిలోమీటర్లకే ఇంత. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. నేలను తాకే భాగంలో మేకు దిగి, గాలి పూర్తిగా పోకముందే ఆపితే కొన్ని రన్‌ఫ్లాట్‌లను బాగుచేయొచ్చు. గాలి లేకుండా నడిచిన టైరును మాత్రం ఎవరు బాగుచేస్తామన్నా ఒప్పుకోవద్దు.

మా కొలత రన్‌ఫ్లాట్ అనంతపురంలో లేదు. కడపలో, కర్నూలులో అడిగినా లేదు. బెంగళూరులో దొరికింది, రాత్రి బస్సు పార్శిల్‌లో వచ్చింది. ఫోనులో చెప్పాల్సింది టైరు కొలత ఒక్కటే కాదు. దాని పక్కన బరువునూ వేగాన్నీ తెలిపే అంకె, అక్షరం ఉంటాయి. రన్‌ఫ్లాట్ గుర్తు కంపెనీని బట్టి మారుతుంది: జెడ్‌పీ, ఆర్ఓఎఫ్, ఎస్ఎస్ఆర్ లాంటివి. ఫోటో తీసి పంపడం మేలు. పార్శిల్ అందగానే తయారీ తేదీ చూడండి. చివరి నాలుగు అంకెలు 2324 అని ఉంటే 2024లో 23వ వారం అన్నమాట. ధర 20 వేలు దాటింది, పార్శిల్ ఖర్చు అదనం. బిగించాక బ్యాలెన్సింగ్ చేయించి, కారు మెనూలో గాలి ఒత్తిడి లెక్కను మళ్లీ మొదటి నుంచి పెట్టించాలి. లేకపోతే లైటు వెలుగుతూనే ఉంటుంది.

అనంతపురంలో బస్టాండు దగ్గరి లాడ్జీల కన్నా, సొంత ఆవరణలో కారు పెట్టుకునే వీలున్న హోటల్‌కు కొంచెం ఎక్కువ ఇవ్వడం మంచిది. మాకు రాత్రి ఆ హోటల్ వాచ్‌మన్ చేసిన సాయం పెద్దది. పార్శిల్ ఆఫీసు ఎప్పుడు తెరుస్తారో కనుక్కుని, ఆటో మాట్లాడి పెట్టాడు. పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని టైరు తెచ్చుకున్నాం. టైరు దుకాణం వారు పని శ్రద్ధగా చేశారు, రిమ్ము మీద గీత పడలేదు. పాత టైరును కొంటామన్నారు. అది మళ్లీ ఏ కారుకో ఎక్కకూడదని పక్కలు కోయించాను.

లేపాక్షికి మధ్యాహ్నం చేరాం. వేలాడే స్తంభం దగ్గర గుమిగూడే జనాన్ని దాటి మండపం కప్పు మీది చిత్రాల కింద నిలబడండి. ఎరుపు, పసుపు, నలుపు రంగులు, చీరల అంచులు, జుట్టు ముడుల తీరు ఇంకా తేటగా కనిపిస్తాయి. ఏకశిల బసవన్న గుడికి కొద్ది దూరంలో, తోటలో ఉన్నాడు. పెద్దవాళ్లకు ఈ యాత్రలో అన్నిటికన్నా సులువైన చోటు ఇదే.

ఇదే దారిలో రన్‌ఫ్లాట్ కారుతో వెళ్లేవారు బయలుదేరే ముందే కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, అనంతపురాల్లో తమ కొలత టైరు ఎక్కడుందో ఫోను చేసి కనుక్కోండి. సామాను తక్కువైతే అదే కొలతలో రిమ్ముతో సహా ఒక మామూలు టైరు డిక్కీలో వేసుకోండి, జాకీ, పానా మరవకుండా. మేము ఇప్పుడు అలాగే వెళుతున్నాం. డిక్కీలో సగం చోటు పోతుంది, పిల్లల సామాను కాళ్ల దగ్గరికి వస్తుంది. అయినా బెలుం నుంచి తాడిపత్రి దాకా బండల లారీల వెనక నడిపేటప్పుడు ఆ చక్రం వెనక ఉండాలి.