రోరిక్కా, వెంకటప్పా?

బెంగళూరులో నాలాగా ఎవరి దగ్గరా నేర్చుకోకుండా కొండలూ చెట్లూ వేసుకునేవాళ్లకి గురువులు గోడల మీదే దొరుకుతారు. చిత్రకళా పరిషత్‌లో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ వేసిన హిమాలయాలున్నాయి. టెంపెరా రంగులు (గుడ్డుసొన లాంటి బంకతో కలిపేవి), చిల్లర వివరాలన్నీ తీసేసి కొండని నాలుగు పెద్ద ఆకారాలుగా తేల్చేస్తారు, ఇంటికొచ్చి అక్రిలిక్‌తో ప్రయత్నిస్తే ఆ రోజే ఎంతో కొంత వస్తుంది.

మైసూరు చిత్రకారుడు కె. వెంకటప్ప వేసిన ఊటీ నీటిరంగుల బొమ్మలు అలా లొంగవు. వాటిలోని మంచు కోసం లాల్‌బాగ్ బండ మీద పొద్దున్నే కూర్చున్నాను, సగం ఆరిన ఆకాశం మీద ఆత్రంగా ఇంకో తడి కుంచె పెట్టేసరికి రంగంతా కాలీఫ్లవర్‌లా విచ్చుకుంది (వెంకటప్పకి కలకత్తాలో గురువుగా అవనీంద్రనాథ్ ఠాగూర్ ఉన్నారు, మనకి యూట్యూబే దిక్కు).

కొత్తవాళ్లకైతే రోరిక్కే అంటాను. నేను మాత్రం కాగితాలు చించుకుంటూ వెంకటప్పనే పట్టుకు వేలాడుతున్నాను.