పాత ఎలక్ట్రిక్ షవర్ ఫ్రీగా తీసేస్తామంటే జాగ్రత్త, వైరింగ్ సంగతి ముందే తేల్చుకోండి

కొత్త షవర్ కొంటే పాత ఎలక్ట్రిక్ షవర్‌ని మేమే తీసేస్తాం, దానికి డబ్బులక్కర్లేదు అనే వాళ్లతో మాట్లాడుతున్నారా? అయితే మా ఇంట్లో జరిగింది ఒకసారి వినండి. వాళ్లు తీసింది నీళ్లు వేడిచేసే, గోడ మీది డబ్బాని మాత్రమే. దానికి కరెంటు తెచ్చే కేబుల్‌ని కోసేసి, కొసలకు నల్ల టేపు చుట్టి, టైల్ వెనక సందులోకి తోసేశారు. పైన తెల్ల సిమెంటు పూసి వెళ్లిపోయారు. బోర్డులో దాని ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఆన్‌లోనే ఉంది.

టవల్ రాడ్ కోసం అదే గోడకు డ్రిల్ పెట్టాల్సి వచ్చింది. ఎందుకైనా మంచిదని ముందుగా తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి చూపించాం. ఆయన ఆ సిమెంటు గీకేసరికి, చెమ్మకి జిగురు వదిలేసిన టేపు, అందులోంచి తొంగిచూస్తున్న రాగి తీగ కనిపించాయి. మీటర్ పెడితే 230 వోల్టులు చూపించింది. స్నానం చేసే చోట, తడి గోడలో! ఇంట్లో పిల్లలున్నారు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

వాళ్లకు ఫోన్ చేస్తే "ఎంసీబీ ఉంది కదండీ, ఏమైనా అయితే పడిపోతుంది" అన్నారు. ఈ మాట అస్సలు నమ్మకండి. 8.5 కిలోవాట్ల షవర్ దాదాపు 37 ఆంపియర్లు లాగుతుంది. అందుకే దానికి బోర్డు నుంచి విడిగా లావు కేబుల్, 40 ఆంపియర్ల ఎంసీబీ వేస్తారు. మనిషి ప్రాణం తీయడానికి ఒక ఆంపియర్‌లో పదో వంతు కూడా ఎక్కువే. అంత చిన్న కరెంటుకి ఆ ఎంసీబీ కదలను కూడా కదలదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కాస్త కరెంటు లీకైనా లైన్ ఆపేసే స్విచ్. పాత లైన్లలో చాలా చోట్ల అది ఉండదు, మాకూ లేదు.

అసలు పని ఎలా చేయాలో ఈ ఎలక్ట్రీషియన్ చేస్తుంటే చూశాను. మెయిన్ ఆపారు. మీటర్‌ని ముందు ఇంకా కరెంటున్న చోట (మెయిన్‌కి కరెంటు వచ్చే వైపు) పెట్టి పనిచేస్తోందని చూసుకున్నాకే ఈ కేబుల్‌కి పెట్టారు, తర్వాత మళ్లీ మొదటి చోట చూసుకున్నారు. బాత్‌రూమ్‌లో తాడు లాగే స్విచ్ ఆపితే చాలదట, బోర్డు నుంచి ఆ స్విచ్ దాకా కరెంటు ఉంటూనే ఉంటుంది. ఆ తర్వాత బోర్డు దగ్గరే ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ విప్పేశారు. వచ్చినంత మేర కేబుల్ లాగేశారు, ప్లాస్టర్‌లో ఇరుక్కున్న ముక్క రెండు కొసలా దేనికీ తగలకుండా వదిలేశారు.

మొదటివాళ్లు ఇంకో సలహా కూడా ఇచ్చారు: "ఆ లైన్‌కే ఒక సాకెట్ పెట్టుకోండి". ఎంసీబీ మార్చకుండా ఆ పని చేస్తే సాకెట్‌కి వేసే సన్న వైరు కాలిపోయినా 40 ఆంపియర్ల ఎంసీబీ పడదు.

ఇక పాత షవర్‌కి వచ్చే నీళ్ల పైపుకి మరతో బిగించే క్యాప్ వేయించండి. వాల్వ్ తెరిచి కారడం లేదని చూశాకే గోడ మూయించండి.

మొదటివాళ్లకు ఫోటోలు పంపితే వచ్చిన జవాబు, "వైరింగ్ మా పని కాదు". అందుకే బేరం దగ్గరే "బోర్డు దగ్గర వైర్లు విప్పి, కరెంటు లేదని మీటర్‌తో చూపిస్తాం" అని బిల్లు మీద రాయించుకోండి. అది చూపించేదాకా పూర్తి డబ్బులు ఇవ్వకండి.