కొండపల్లి అంబారీ ఏనుగు: కొనేముందు తిరగేసి చూడండి

కొండపల్లి బొమ్మ నాణ్యత ముందు చేతికి తెలుస్తుంది, కంటికి తర్వాతే. అంబారీ ఏనుగును ఎత్తగానే ఇంత తేలికా అనిపించాలి. బరువుగా ఉందంటే కర్ర సరిగ్గా ఆరలేదు, లేదా అది ఈ బొమ్మలకు వాడే తెల్ల పొణికి కర్ర కాదు.

ఈ బొమ్మ ఈ ఊళ్లోనే ఎందుకు పుట్టిందో ఆ కర్రే చెబుతుంది. విజయవాడకు దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో, కృష్ణకు ఉత్తరాన ఉన్న ఈ కొండల అడవుల్లో తెల్ల పొణికి పెరుగుతుంది. మెత్తగా ఉంటుంది, ఉలికి ఇట్టే లొంగుతుంది. పైన 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టిన కోట. అది తర్వాత గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ సుల్తానుల చేతులు మారింది. దిగువన ఆర్యక్షత్రియుల ఇళ్లలో తరతరాలుగా బొమ్మల పని. వీళ్ల పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెబుతారు.

ఏనుగును ఒకే దుంగలోంచి తొలవరు. ఒళ్లు, కాళ్లు, తొండం, చెవులు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆకురాయితో అరగదీసి నునుపు చేసినట్టు కనిపించే ఆ ఒంటికి సున్నం పూత, ఆ పైన రంగులు. మేకవెంట్రుకల కుంచెతో దిద్దిన కంటి గీతలూ అంబారీ అంచులూ సన్నగా, తెగకుండా సాగితే పనివాడి చెయ్యి మంచిదన్నమాట. నా లెక్కలో ఈ బొమ్మకు పెట్టే డబ్బులో సగం ఆ గీతలకే.

తేలికైన కర్ర, చింతగింజల జిగురు... బొమ్మ బలం ఇక్కడే, బలహీనతా ఇక్కడే. ఆ జిగురు తేమకు మెత్తబడుతుంది, బూజు పడుతుంది. అందుకే ముందుగా ఊడేవి చెవులూ తోకే. కొనేటప్పుడు తొండం మొదలు, చెవుల వెనక వేలితో తడమండి. వెంట్రుకంత పగులు కనిపించినా ఇంకోటి అడగండి. పచ్చికర్రతో చేస్తే ఆరేకొద్దీ కర్ర కుంచించుకుపోతుంది, సున్నం పూత బీటలు వారి రంగు పెచ్చులుగా లేస్తుంది. అడుగుభాగాన తడి వేలు రుద్ది చూడండి. వేలికి రంగంటితే అది నీటిరంగు. గాజు అల్మరాలో పెట్టుకోవడానికి పరవాలేదు, ఏటా బొమ్మల కొలువుకు తీసి పెట్టేవాళ్లకు ఎనామిల్ రంగు వేసినదే నయం. ఏ రంగైనా సరే, నోట్లో పెట్టుకునే వయసు పిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి.

దుమ్ము పడితే పొడి కుంచెతో దులపాలి, తడిగుడ్డ తగలకూడదు. సంక్రాంతి కొలువు అయ్యాక ప్లాస్టిక్ సంచిలో బిగిస్తే లోపలి తేమ బయటికి పోదు. పాత నూలుగుడ్డలో చుట్టి, తొండం కింద మరో మడత పెట్టి, అట్టపెట్టెలో ఉంచండి. చెవి ఊడితే పాత మక్కును పూర్తిగా గీకి, కర్ర జిగురులో సన్నటి రంపపు పొట్టు కలిపి అతికించండి. ఒక రాత్రి కదపకుండా ఆరనిచ్చి, ఆ తర్వాతే రంగు దిద్దండి.

నగరాల్లోని షాపుల్లో పూర్తయిన బొమ్మే దొరుకుతుంది. వీలైతే కొండపల్లిలోని బొమ్మల కాలనీకే వెళ్లి, రంగు వేయని ఏనుగు ఒకటి చూపించమని అడగండి. అతుకులు ఎంత బిగువుగా ఉన్నాయో, మక్కు ఎంత మందంగా పెట్టారో రంగు కింద దాగకముందే కనిపిస్తుంది.