ఆకుపచ్చ రంగులో 91 శాతం

మూడు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లు ఈ ఫోను యాప్‌తో గడిపాను. 2023లో మా అమ్మాయికి, 2024లో అనంతపురంలో ఉన్న మా చెల్లెలి కొడుక్కి, 2025లో పక్కింటివాళ్ల అమ్మాయికి. ర్యాంకు, కేటగిరీ, జిల్లా నింపితే ఏ కళాశాలలో ఏ బ్రాంచి వచ్చే అవకాశం ఎంతో శాతాల్లో చెబుతుంది. ఎక్కువైతే ఆకుపచ్చ, మధ్యస్థమైతే పసుపు, తక్కువైతే ఎరుపు. పేరు చెప్పను, ఇలాంటివన్నీ ఒకే తానులో ముక్కలు. నా కోపమంతా ఆ ఆకుపచ్చ మీదే.

మా అమ్మాయి ఆరు నుంచి పది వరకు కర్నూలులో చదివి, ఇంటర్‌కు విజయవాడ హాస్టల్‌కు వెళ్లింది. యాప్ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇంటర్ ఏ జిల్లాలో పూర్తి చేశారు? ఎన్టీఆర్ జిల్లా అని నొక్కాను. తెరంతా ఆకుపచ్చగా మారింది. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కళాశాలలన్నీ 88, 91 అంటూ వరుస కట్టాయి. స్నేహితురాళ్లంతా అటే కాబట్టి పిల్ల ఎగిరి గంతేసింది. కౌన్సెలింగ్‌లో మాకు కావాల్సిన కళాశాల, బ్రాంచి చొప్పున పదకొండు ఆప్షన్లు పెట్టాం, అందులో తొమ్మిది అటువైపువే. ఇంకో ఇరవై కలుపుదామని నేనంటే, "తొంభై ఒక్క శాతం ఉంటే ఇంకా భయమెందుకమ్మా" అంది. నేనూ మెత్తబడ్డాను.

మొదటి విడత కేటాయింపులో ఏ సీటూ రాలేదు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. మర్నాడు కర్నూలు సి క్యాంపులో నెట్ సెంటర్ నడిపే కుర్రాడు మేం పెట్టిన జాబితా కిందికీ పైకీ చూసి, "మేడమ్, మీ పాప ఎస్వీయూ లోకల్. పెట్టినవి దాదాపు అన్నీ ఏయూ కాలేజీలు కదా" అన్నాడు.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పాడు. ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో నింపే కన్వీనర్ సీట్లలో 85 శాతం ఆ ప్రాంతం స్థానికులకే. మిగతా 15 శాతానికి అందరూ పోటీ పడవచ్చు, అక్కడి స్థానికులతో సహా. ఇంటర్ ముగిసేనాటికి వరుసగా నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో చదివి ఉంటే అక్కడ స్థానికులు. అలా లేకపోతే ఆరో తరగతి నుంచి ఏడేళ్ల లెక్క తీసి, ఎక్కువ ఏళ్లు ఎక్కడుంటే అక్కడ. మా అమ్మాయికి కర్నూలులో అయిదేళ్లు, విజయవాడలో రెండేళ్లు. కృష్ణా, గుంటూరు వైపు కళాశాలలు ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రాంతం కిందికి వస్తాయి, మేం శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాంతం. యాప్ మా పిల్లను అక్కడి స్థానికురాలిగా లెక్కగట్టి 91 అంది. ఆ శాతం ఎవరో విజయవాడ పిల్లది, మాది కాదు.

ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు ఎందుకు అడుగుతున్నారంటూ పరిశీలన రోజు విసుక్కున్నదాన్ని కూడా నేనే. కాబట్టి తప్పంతా యాప్‌దే అనలేను. కానీ ఏడేళ్ల చదువు అడగాల్సిన చోట ఒక్క జిల్లా అడిగి, పైగా అంత ధీమాగా రంగు పూయడం నాకిప్పటికీ మింగుడుపడదు.

చివరి విడతలో 54 ఆప్షన్లు పెట్టాం. ఇష్టమైనవి పైన, వచ్చినా పరవాలేదనుకున్నవి కింద. కేటాయింపు మన జాబితాను పై నుంచి చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకు అందిన మొదటి దగ్గర ఆగుతుంది కాబట్టి పెద్ద ఆశలు పైన పెట్టుకుంటే నష్టమేమీ లేదు. మిగిలిన సీట్లలో కర్నూలులోనే ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచి) వచ్చింది. ఇంటి భోజనం తింటూ చదువుతోంది. అలా అని యాప్‌కు కృతజ్ఞతలు చెప్పబోను.

పరీక్షయ్యాక ఇది చెప్పిన ర్యాంకు అచ్చంగా సరిపోయిందని అంతకుముందు కాలనీలో పదిమందికి చెప్పాను. నిజమే, సరిపోయింది. కాకపోతే అది 12 వేల నుంచి 19 వేల మధ్య అని చెప్పింది. అంత వెడల్పు వల వేస్తే ఏ చేపైనా పడుతుంది. నిరుడు సీటు దొరికిన అబ్బాయిల చివరి ర్యాంకు, అమ్మాయిల చివరి ర్యాంకు విడివిడిగా చూపించడం మాత్రం మెచ్చుకోవాలి. మూడోవంతు సీట్లు అమ్మాయిలకు ఉంటాయి కాబట్టి రెంటికీ తేడా వస్తుంది.

చెల్లెలి కొడుకు విషయంలో తిరగబడింది. వాడు కోరుకున్న కంప్యూటర్ సైన్స్‌కు 22 శాతం, ఎరుపు. అయినా నేను చెప్పానని అన్నిటికంటే పైన పెట్టాడు, వచ్చేసింది. ఒక్కో బ్రాంచికి ఇన్నే సీట్లన్న పరిమితిని, సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ ఆ సంవత్సరమే ఎత్తేసింది. బాగా నడిచే కళాశాలలు కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచుకున్నాయి. నిరుటి చివరి ర్యాంకుల పట్టిక చూసి లెక్కలు వేసే యాప్‌కు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? మా చెల్లెలు మాత్రం ఇప్పటికీ ఇది చేతివాసి ఉన్న యాప్ అంటుంది.

పక్కింటి అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి ఇంకో చిక్కు. 2025లో ఎస్సీ రిజర్వేషన్‌ను మూడు గ్రూపులు చేసి, ఒక శాతం, 6.5 శాతం, 7.5 శాతంగా పంచారు. అంతకుముందు పట్టికల్లో ఎస్సీ అంతా ఒకటే గడి. పోల్చడానికి పాత అంకె ఏదీ లేకపోయినా యాప్ తడుముకోకుండా 81 శాతం అంది, అదీ ఆకుపచ్చలోనే. ఈసారి నేను నవ్వి ఊరుకున్నాను. ఆ అమ్మాయితో అరవైకి పైగా ఆప్షన్లు పెట్టించాను.

పది వరకూ, ఇంటర్ కూడా ఉన్న ఊళ్లోనే చదివిన పిల్లలకు ఇది బాగానే పనికిరావచ్చు. ఏ కళాశాలలో ఏ బ్రాంచిలున్నాయో ఒక్కచోట చూసుకోవడానికి నేనూ వాడుతూనే ఉన్నాను, తీసెయ్యలేదు. మావాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఇంటర్‌కు వాడూ విజయవాడే వెళ్తానంటున్నాడు. ఆరో తరగతి నుంచి వాడి స్టడీ సర్టిఫికెట్లు ఇప్పటికే ఒక ఫైలులో పెట్టి బీరువాలో దాచాను.